ఆర్గాన్ కింద ఏరియేటర్ చప్పుడు

ఆదివారం రాత్రి, వట్లూరు

నాన్న కాపలా కాసే చేపల చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ చప్పుడు రికార్డు చేసి, ఇవాళ చర్చిలో కానుకల పాటకి ఆర్గాన్‌తో కలిపి వాయించాను. కష్టజీవుల శబ్దం ఆరాధనలో వినబడాలని నా పట్టుదల. జనరేటర్ పాడైందనుకుని సంఘపెద్ద ఒకాయన దాన్ని ఆపడానికి పరుగెత్తాడు.

"దేవుడి పాటకి మోటారు కట్టారేంటండీ బాబూ?" అన్నారు పాస్టరుగారు. ఆయనతో గట్టిగానే పోట్లాడాను. నాన్నైనా నా వైపు ఉంటాడనుకున్నాను. ఇంటికొచ్చే దారిలో నాన్నని నేనే అడిగాను, ఎలా ఉందని.

"వారమంతా ఆ చప్పుడే కదరా. ఆదివారం నీ పాట విందామని వస్తాను."

పాస్టరుగారికి చెప్పడానికైతే నా దగ్గర ఇంకా బోలెడు సమాధానాలున్నాయి. నాన్న అన్నం తిని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఈపాటికి చెరువు గట్టున అదే వింటూ ఉంటాడు. నేనిక్కడ హెడ్‌ఫోన్స్‌లో మళ్లీ వింటున్నాను. నాకింకా బాగానే ఉంది...