బాత్ గోడలో ఒక రాయి

6 మార్చి 2011, ఆదివారం

ఇంగ్లాండులోని బాత్‌కి వచ్చి మూడు వారాలు. చర్చి అయినాక నా భార్య ఎస్తేరు హాస్పిటల్ షిఫ్టుకి పోయింది. నేను ఊరు తిరిగినా. ఊరంతా ఒకటే రాయి, తేనె రంగు. బ్యాంకూ ఆ రాయే, టేక్‌అవే కూడా ఆ రాయే. రోమన్ల కాలం ముందు నుంచే ఇక్కడ వేడినీళ్లు ఊరుతున్నాయంట. మూడొందల ఏళ్ల కిందట డబ్బున్నోళ్లు ఆ నీళ్లకని వస్తుంటే, వాళ్లు దిగేకి ఇట్లాంటి ఇళ్లు కట్టినారంట.

రాయల్ క్రెసెంట్ ముందు గంటసేపు నిలబడినా. ముప్పై ఇళ్లు, నెలవంక మాదిరి, ఒకటే ముఖం. వెనక్కి పోయి చూస్తే ఒక్కో ఇల్లు ఒక్కో తీరు. ముందు గోడ ప్లాన్ ఒకటే, వెనక ఎవరిష్టం వాళ్లది. భలే బుర్ర.

బేతంచెర్లలో నాయన దగ్గర పదహారేళ్లు బండలు కొట్టినా. ఇంత సన్నటి అతుకులు ఎప్పుడూ చూళ్లేదు.

15 మార్చి

ఇంకా పని దొరకలేదు.

22 మార్చి

మిల్టన్ కీన్స్ అనే ఊరికి పోదామంటోంది ఎస్తేరు. వాళ్లక్క అక్కడే ఉంది. నాకు వేర్‌హౌస్‌లో పని, తనకి కేర్ హోమ్‌లో పోస్టు రెడీ. ఏప్రిల్ పదికి అక్కడి ఫ్లాట్ సంగతి తేల్చాలి. ఆమె మాటలో తప్పు లేదు. డబుల్ షిఫ్టులకి తన కాళ్లు వాస్తున్నాయి. సరే అన్నా.

30 మార్చి

పాత ఇళ్ల రాళ్లు రిపేరు చేసే యార్డు కనబడింది. లోపలికి పోయి అడిగినా. కాలిన్ అని, పెద్ద మేస్త్రీ. సర్టిఫికెట్ ఉందా అన్నాడు. లేదన్నా. నా చేతులు తిప్పి చూసి, సోమవారం ట్రయల్‌కి రమ్మన్నాడు.

4 ఏప్రిల్, సోమవారం

పొద్దున ఒక రాయి పాడుచేసినా. మా నాపరాయికి కొట్టినంత గట్టిగా కొడితే ఇది వెన్నలా లేచిపోయింది. కాలిన్ తిట్టలేదు. భూమిలో రాయి ఎట్ల పడుకొని ఉందో గోడలోనూ అట్లే పడుకోబెట్టాలి, నిలబెడితే మంచుకి పొరలు పొరలుగా రాలిపోతుంది అని చెప్పినాడు.

మధ్యాహ్నం, కాలిన్ మూడు వారాలు చెక్కిన స్తంభం తలని లారీ ఎక్కించబోతున్నారు. అలవాటుగా సుత్తితో తట్టినా. మంచి రాయి గంట మాదిరి పలుకుతుంది. ఇది పగిలిన కుండ మాదిరి పలికింది. చెప్పాలా వద్దా? మొదటి రోజు, ఆయన రాయి. కానీ అది నిలిచేది జనం నడిచే రోడ్డు పైన.

చెప్పినా. బాగానే ఉందన్నాడు. మళ్లీ చెప్పినా. మొహం ఎర్రబడింది. బకెట్ తెచ్చి నీళ్లు పోసినా. రాయి ఆరింది. నడుమ వెంట్రుకంత పగులు మాత్రం ఆరలేదు.

కాలిన్ ఆ రాయిని లారీ ఎక్కించొద్దన్నాడు. తర్వాత, రేపు ఎనిమిదికి రా అన్నాడు.

5 ఏప్రిల్

ఎస్తేరుకి చెప్పినా. పర్మనెంటా అని అడిగింది. మూడు నెలలు చూస్తారన్నా. పదో తేదీకి ఇంక అయిదు రోజులే అంది.

9 ఏప్రిల్, శనివారం

ఎస్తేరుకి ఆఫ్. సర్కస్ అని పిలిచే వీధికి తీసుకపోయినా. గుండ్రంగా ముప్పై మూడు ఇళ్లు, మూడు వరసల స్తంభాలు, నడుమ పట్టీలో అయిదొందలకి పైగా చెక్కిన బొమ్మలు. పాము, ఓడ సామాను, ఏవేవో. మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. ఎండకి రాయి బంగారంలా అయింది. ఇన్ని చెక్కినోళ్ల పేర్లు యాడన్నా ఉన్నాయా అని అడిగింది. నాకు తెలీదన్నా.

ఇంటికి రాంగానే వాళ్లక్కకి ఫోన్ చేసి ఫ్లాట్ వద్దని చెప్పింది.

17 జూన్

నేను కొట్టిన రాయి ఇవాళ గోడలో పెట్టినారు, మూడో అంతస్తు కిటికీ కింద. ఎస్తేరు షిఫ్టు నుంచి యూనిఫాంలోనే వచ్చింది. ఏదని నేను చెప్పలేదు. పైకి చూసి వేలు పెట్టి చూపించింది.

ఆ లేత రంగు కొత్త రాయి పక్క రాళ్ల రంగులో కలిసేకి నలభై ఏళ్లు పడుతుందంట.