మాట మధ్యలో ఆరిపోయిన తెర

కువైట్ నుంచి,

రూతక్కకు, బావకు తమ్ముడు ప్రభుదాసు వందనాలు. దేవుని దయవల్ల నేను కులాసా. మీరు, పిల్లలు ఎలా ఉన్నారో రాయాలి. ముఖ్యంగా అమ్మ ఎలా ఉందో రాయాలి. మూడు వారాలుగా నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి, సెలవు మీద పులివెందులకు వస్తున్న మస్తాన్ మామకు ఈ ఉత్తరం ఇస్తున్నాను. జమ్మలమడుగు దాకా వచ్చి నీ చేతికే ఇస్తానన్నాడు. చింపేయకుండా చివరిదాకా చదువు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. నీళ్ల ట్యాంకర్ స్టీరింగ్ పట్టుకుంటే అరచేతులు కాలుతున్నాయి. తిండికి లోటు లేదు. నా వంతు వంట వచ్చిన రోజు గదిలో వాళ్లు కారం ఎక్కువని తిట్టుకుంటూనే రెండోసారి పెట్టించుకుంటారు. నా గురించి దిగులు వద్దు, బాగానే ఉన్నాను.

పుట్టు చెవిటి అయిన అమ్మతో ఫోన్‌లో ఎలా మాట్లాడతావని ఇక్కడ అందరూ అడుగుతారు. చేతులతో అంటే నవ్వుతారు. గదిలో రాత్రి డ్యూటీ వాళ్లు పగలంతా పరదాలు వేసి పడుకుంటారు, లైటు వేయడానికి లేదు. అందుకే శుక్రవారాలు నా ట్యాంకర్ లారీ క్యాబిన్‌లో కూర్చుని, పాత ల్యాప్‌టాప్ ఎదురుగా పెట్టుకుని మాట్లాడేవాణ్ని. ఫోన్ తెరలో అమ్మ వేళ్లు సరిగా కనిపించవు.

ఆ ల్యాప్‌టాప్ సొంత బ్యాటరీ ఎప్పుడో ఉబ్బిపోతే తీసేశాను. బయటి కరెంటు ఉంటేనే నడుస్తుంది. లారీకి రెండు బ్యాటరీలు, కలిపితే ఇరవై నాలుగు వోల్టులు. నా చిన్న ఇన్వర్టర్ పన్నెండు వోల్టులది. అందుకని ఒక్క బ్యాటరీ నుంచే వైర్లు లాగాను. యార్డులో ఇంజన్ ఊరికే నడిపితే ఫోర్‌మన్ ఊరుకోడు కాబట్టి ఇంజన్ ఆపే మాట్లాడేవాణ్ని. అలా ఏడు నెలలు గడిచాయి, ఏమీ కాలేదు.

ఆ శుక్రవారం సంగతి నీకు తెలిసిందే. అమ్మ రొమ్ములో గడ్డ తీసేయాలి, ఆలస్యం చేయొద్దని ప్రొద్దుటూరు డాక్టరమ్మ చెప్పింది. అమ్మ ససేమిరా అంది. నేను చేతులు గట్టిగా ఊపి కోప్పడ్డాను. బ్యాటరీ అయిపోవస్తోందని ఇన్వర్టర్ రెండుసార్లు కూత పెట్టినా పట్టించుకోలేదు. అమ్మ ఇంకా ఏదో చెబుతుండగానే తెర నల్లబడింది. వెంటనే ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తి నువ్వన్న మాట మర్చిపోలేను. "అమ్మ రూములోకి పోయి తలుపేసుకునింది. పోయేముందు నాయన మాదిరే చేసినాడని చేతులు తిప్పి తిప్పి చెప్పింది. ఎందుకబ్బీ అట్ల చేసినావు?" అని పెట్టేశావు.

నాన్న ఏం చేసేవాడో మనిద్దరికే తెలుసు. అమ్మతో గొడవ ముదిరితే లేచి లైటు ఆర్పేసి పడుకునేవాడు. చీకట్లో అమ్మ ఇంకేం చెప్పగలదు? మంచం పట్టె కొట్టి కొట్టి ఊరుకునేది. నన్ను ఆయనతో పోల్చిందంటే అమ్మ మనసు ఎంత విరిగిందో నాకు తెలుసు.

మర్నాడు లారీ స్టార్ట్ కాలేదు. మస్తాన్ మామ బ్యాటరీలు చూసి, "రెండుంటే ఒగదాని మీదనే బరువంతా ఏస్తివి గదప్పా. అది యాడ నిలుస్తాది? శానా తెలివి నీది" అన్నాడు. నాకు నువ్వే గుర్తొచ్చావు. అమ్మ భారం నీ ఒక్కదాని మీద వేసి ఇక్కడ కూర్చున్నాను. ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

బ్యాటరీ అయిపోయిందని చెప్పడానికి మన సైగల్లో ఏమీ లేదు. ఒక పని చెయ్యి. సాయంత్రం బావ ఆటో ఇంజన్ ఆపి, హెడ్‌లైటు వేసి, అమ్మను ఎదురుగా కూర్చోబెట్టు. గంట పట్టినా రెండు గంటలు పట్టినా సరే, లైటు దానంతటదే ఎర్రబడి ఆరిపోతుంది. స్విచ్ ఎవరూ ముట్టలేదని చూపించు. తెల్లవారి ఆటో తోయాల్సి వస్తే బావ నన్ను తిట్టుకుంటాడు, తిట్టుకోనీ. ఆ తర్వాత అమ్మను ప్రొద్దుటూరు తీసుకుపో. నాకు మూడు నెలలు దాటితే గానీ సెలవు ఇవ్వరు. గడ్డ అన్నాళ్లు ఆగదు.

రోజంతా నోటితో మాట్లాడుతూనే ఉంటాను, వచ్చీరాని అరబ్బీ, హిందీ. చేతులతో మాట్లాడి మూడు వారాలైంది. చాలా కష్టంగా ఉందక్కా.

పాస్టరయ్యగారికి, చెన్నూరు పెద్దమ్మకు నా వందనాలు చెప్పు. మస్తాన్ మామ తిరిగి వచ్చేటప్పుడు శెనక్కాయల పొడి కాస్త పంపించు.

ఇక్కడితో ముగిద్దామనుకున్నాను గానీ నీ దగ్గర దాచలేను. ఆ రోజు అమ్మ ఎంతకీ వినకపోయేసరికి ఒళ్లు మండి, నా చెయ్యి ల్యాప్‌టాప్ మూత మీదికి పోయింది. మూసేయడానికే పోయింది. నేను మూసేలోపు అదే ఆరిపోయింది. నా చెయ్యి ముందుకు రావడం అమ్మ చూసిందో లేదో తెలియదు. నువ్వే మెల్లగా అడుగు. చూడలేదంటే ఆటో లైటు చూపించు, చాలు. చూసి ఉంటే మాత్రం ఆ లైటు ముందు కూర్చోబెట్టొద్దు. అమ్మ అనుకున్నది నిజమేనని, తప్పయిందని నేను ఒప్పుకున్నానని చెప్పు.

అమ్మ కోసం మోకరించేటప్పుడు నా పేరు కూడా తలచుకోండి.

నీ తమ్ముడు,
ప్రభుదాసు