నా జబ్బులు రద్దు చేయవలసిందిగా

ప్రభుత్వ కొనుగోళ్ల విభాగం ముఖ్య అధికారి గారి సముఖమునకు,

టెండర్లు వేసి ప్రభుత్వ పనులు దక్కించుకొను ఒక సంస్థలో, ప్రపోజల్ సెక్షన్ అధిపతిగా ఇరవై ఆరేళ్ల నుండి పనిచేయుచున్న ఒక ఆడమనిషి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మందుల గిడ్డంగి పనికి టీమ్ లీడరునైన నన్ను ‘మతిమరుపు వ్యాధి’ కారణముగా తొలగించి, నా స్థానంలో మా ఎండీ గారి అల్లుడు గారిని నియమించుటకు తమరిచ్చిన ఆమోదమును ఉపసంహరించుట గురించి. వీలైతే, తమ రికార్డులలో నాకున్న మిగతా జబ్బులను కూడా నయం చేయుట గురించి.

తమ విలువైన కాలం హరించుచున్నందుకు మన్నించగలరు. నా కాలం ఎటు పోయినదో ఈ దిగువ అంశములలో మనవి చేయుచున్నాను.

1. తమరి టెండర్లలో ఒక నిబంధన కలదు. పని ఎవరి నాయకత్వంలో జరుగునో ఆ వ్యక్తి అనుభవమంతా ముందే చూపవలెను. ఆ వ్యక్తి మహిళ అయినచో పది మార్కులు అదనం. మా సంస్థలో అంత అనుభవమున్న మహిళను నేనొక్కదాన్నే. కావున ప్రతి టెండరులో టీమ్ లీడరును నేనే. నా బయోడేటా నేనే వ్రాసి, నన్ను నేనే పొగుడుకొని, కవరులో పెట్టి సీలు వేసి, తమ పెట్టెలో వేసి వచ్చెడిదానను. తరువాత తమ ఎదుట నిలబడి, కాగితం చూడకుండా ఇరవై నిమిషాలు మాట్లాడెడిదానను. మందుల గిడ్డంగి టెండరు నాడు తమరు అడ్డు ప్రశ్నలు చాలానే వేసితిరి. గడువు దాటిన మందులను ఎలా కనిపెడతావు, సరుకు సమయానికి ఇవ్వనివాణ్ణి ఏం చేస్తావు అని. అన్నిటికీ జవాబు చెప్పితిని. చివరకు తమరు కళ్లజోడు తీసి, “మీలాంటివాళ్లు ఉంటే మేం హాయిగా నిద్రపోవచ్చమ్మా,” అన్నారు. ఆ మాట మా ఎండీ గారు కూడా విన్నారు. పని మాకు వచ్చినది. తమరు హాయిగా నిద్రపోయినట్లే ఉన్నది.

2. పని వచ్చిన తరువాత టీమ్ లీడరును మార్చరాదు. మరణమో, తీవ్ర అనారోగ్యమో అయితేనే మార్చవచ్చును. మరణం ఒక్కసారికే పనికొచ్చును గనుక మావాళ్లు అనారోగ్యమును ఎంచుకొనిరి. తమ కార్యాలయ దస్త్రముల ప్రకారం, స్కూలు బల్లల పనిలో నాకు గర్భం వచ్చి డాక్టరు మంచం దిగవద్దన్నారు. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. వీధి దీపాల పనిలో వెన్నుపూస జారినది. చెత్త బండ్ల పనిలో గుండె జబ్బు. ఆ గుండె జబ్బు నాటి మాట చెబుతాను వినండి. తమ కార్యాలయంలో లిఫ్టు చెడిపోతే, తరువాతి టెండరు పెట్టెలు ఐదో అంతస్తు దాకా మోసింది నేనే. మెట్ల మీద తమరు ఎదురై పక్కకు తప్పుకొని దారి కూడా ఇచ్చినారు. ఆ మధ్యాహ్నమే నా గుండె పాడైనదని ఆమోదము వేసితిరి. ‘సానుభూతితో ఆమోదించడమైనది’ అని ఉన్నది. మామూలు బిల్లు కదలడానికి తమ దగ్గర మూడు నెలలు. నా జబ్బులకు మాత్రం ఒక్క పూట చాలు.

3. ఆ జబ్బుల లేఖలు ఎవరు వ్రాసిరని తమరు అడుగుదురు. నేనే. మరెవరికి వచ్చును? ప్రపోజల్ సెక్షన్‌లో ఏ లేఖయినా నా బల్ల మీదుగానే పోవలెను. వీధి దీపాల పనప్పుడు అడ్డం తిరిగితిని. ఎండీ గారు నన్ను కూర్చోబెట్టి, “నువ్వు మా ఇంటి ఆడపడుచువమ్మా. పేరు నీది, తిరుగుడు మగపిల్లలది. ఆ సైట్లలో దుమ్ము, లారీలు, నోటి దురుసు మనుషులు. నీకెందుకు చెప్పు ఆ తలనొప్పి?” అన్నారు. తలనొప్పికి టీమ్ లీడరును మార్చనీయరు గనుక వెన్నుపూస వ్రాయించిరి.

4. మా ఆయన చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఉండగా సెలవు కోరితిని. ఎండీ గారు సెలవు కాగితం చూసి నవ్వి, “మొన్ననే కదమ్మా నీకు గుండె జబ్బు వచ్చింది, ఇంతలో ఆయనకా? మీ ఇంట్లో వంతులు వేసుకున్నారా?” అన్నారు. గదిలో ఉన్న నలుగురూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఎందుకు నవ్వానో నాకు తెలియదు. సెలవు దొరకలేదు. టెండరు గడువు శుక్రవారం. మా ఆయన గురువారం పోయినారు. ఈ అంశమునకు పై విషయముతో సంబంధము లేదని తమరు కొట్టివేయవచ్చును. కొట్టివేయండి. కానీ చదివి కొట్టివేయండి.

5. ఇక అసలు సంగతి. నాకు మిగిలిన సర్వీసు మూడేళ్లు. మందుల గిడ్డంగి పని కాలము మూడేళ్లు. నా పేరు మీద వచ్చిన పనిని నేను నడిపించుటకు ఇదే ఆఖరు అవకాశము. అందుకని ఈసారి జబ్బు పడనని ఎండీ గారికి ముందే చెప్పి, తాళాలు తీసుకొని గిడ్డంగిలోకి పోయి కూర్చున్నాను. పది వారాలు నడిపాను సార్. నిజంగా నడిపాను. మూలనున్న చలి గది పనిచేయడం లేదని తెలిసింది మొదటి రోజే, చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. సరఫరాదారును పిలిపించి నా ఎదురుగా బాగుచేయించాను. చిన్నపిల్లల టీకాలు అందులోనే ఉంటాయి. హమాలీలు మొదట్లో నన్ను ‘మేడమ్’ అనేవాళ్లు, తరువాత ‘అక్కా’ అన్నారు. ఇంటికి పోతే కాళ్లు పీకేవి. అంత సుఖంగా నేను ఎన్నడూ నిద్రపోలేదు. కాగితం మీద ఇన్ని పనులకు నాయకురాలినై, ఒక గది తలుపు నా చేత్తో తెరిపించడానికి ఇంతకాలం పట్టింది. పదకొండో వారం తమ ఆమోదము వచ్చినది. అల్లుడు గారు వచ్చి తాళాలు అడిగి, గిడ్డంగి వాసనగా ఉందని కారులోనే కూర్చున్నారు. ఆయన ఇప్పటికీ కారులోనే ఉన్నారు. చలి గది మళ్లీ చెడినదని హమాలీ ఒకతను నాకు ఫోను చేసి చెప్పినాడు. ఎవరికి చెప్పాలో అతనికి తెలియదు. నాకూ తెలియదు, నేను మతిలేనిదాన్ని కదా.

6. ఈసారి జబ్బు లేఖ నేను వ్రాయలేదు. అందుకే తమ కార్యాలయం నుండి నకలు తీసుకొని చదివినాను. మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది ఎవరు వ్రాశారో. మా అమ్మాయి. నా సెక్షన్‌లోనే నా కింద పనిచేస్తుంది. దానికి లేఖలు వ్రాయడం నేర్పింది నేనే, అదీ ముద్దుగా కాదు. అందరి ముందు దాని కాగితాలు చింపి ముఖాన వేశాను, కళ్లు తుడుచుకుంటుంటే ‘ఏడుపు తరువాత, పేరా ముందు’ అన్నాను. బాగా నేర్చుకుంది. ‘ఇటీవల ఆమె తన సొంత వ్రాతను గుర్తుపట్టలేకపోవుచున్నారు, తొలగింపు గురించి వివాదపడుట కూడా ఈ వ్యాధి లక్షణమే’ అని వ్రాసింది. చూశారా? నేను నోరు తెరవక ముందే నా నోరు మూసింది. తప్పు పట్టుకోవడానికి నాకు ఒక్క కామా దొరకలేదు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ అన్న చోట కూడా దాని సంతకమే.

ఇంటికి పోయి నిలదీశాను. అన్నం ముందు కూర్చుని తల ఎత్తకుండా, “నేను రాయకపోతే ఇంకొకళ్లు రాసేవాళ్లమ్మా. వాళ్లు కేన్సర్ అని రాద్దామన్నారు. నేనే బతిమాలి నొప్పి లేని జబ్బు పెట్టించాను,” అన్నది. కాసేపటికి, “వచ్చే టెండరులో టీమ్ లీడరుగా నా పేరు వేస్తామన్నారు,” అని కూడా అన్నది. నేను చెయ్యి ఎత్తాను. కొట్టలేదు. దానికి ఏ జబ్బుతో మొదలుపెడతారో అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

7. తమ కార్యాలయ కౌంటరులోని గుమాస్తా గారు ఈ అర్జీని రెండుసార్లు తిప్పి పంపినారు. “మతి సరిగా లేనివాళ్ల అర్జీ మేం తీసుకోకూడదమ్మా,” అన్నారు. మతి ఉన్నదని ఈ అర్జీ చదివితే తెలియును గదా అంటిని. ఆయన చదివి, మెచ్చుకొని, “ఇంత బాగా రాశారంటే వేరే ఎవరో రాసిచ్చి ఉంటారు,” అని తిరిగి ఇచ్చినారు. పాపం, ఆయన మాటలో ద్వేషము లేదు. టీ కూడా ఇప్పించినారు.

కావున తమరిని ప్రార్థించునది ఒక్కటే. సంస్థను శిక్షించమని అడగను. శిక్షిస్తే వీధిన పడేది మా సెక్షన్‌లోని పిల్లలు, వారిలో నా పిల్ల ఒకతె. గత జబ్బులకు నష్టపరిహారమూ అడగను. నన్ను పిలిపించి, తమ ఎదుట నిలబెట్టి, మందుల గిడ్డంగి గురించి తమరికి తోచిన ప్రశ్నలన్నీ వేయండి. ఒక్కదానికి తడబడినా నాకు నిజంగానే మతి పోయినదని ఒప్పుకొని ఇంట్లో కూర్చొందును. తడబడనిచో ఆ తాళాలు నాకు ఇప్పించండి. ధ్రువీకరణ ఉపసంహరించుకొనుటకు మా అమ్మాయి చివరకు ఒప్పుకున్నది. ఈసారి అర్జీని కౌంటరులో కాక తమ చేతికే ఇచ్చుటకు వచ్చునప్పుడు దానిని వెంట తీసుకొని వచ్చెదను.

తొందర లేదు. మూడేళ్లలో చిత్తగించినా చాలును, ఆ తరువాత అవసరము ఉండదు.

ఇట్లు,
తమ దస్త్రములలో సకల రోగములు కలిగి,
బయట నిక్షేపముగా ఉన్న
తమ విధేయురాలు

తా.క. ఇది తమ గది బయట బల్ల మీద కూర్చుని చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి. పొద్దుటి నుంచి మేమిద్దరం ఇక్కడే ఉన్నాం. మా అమ్మాయి దారి పొడవునా నా చెయ్యి పట్టుకునే వచ్చింది. “అమ్మా, తప్పు రాశానని ఆయన ముఖం మీదే చెప్పేస్తాను, నువ్వేం మాట్లాడకు,” అన్నది. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఇందాక తలుపు తెరుచుకుని తమరు బయటికి వచ్చారు. తమ వెనకే ఎండీ గారి అల్లుడు గారు. ఆయన్ను చూడగానే మా అమ్మాయి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. తమరు నన్ను గుర్తుపట్టారు. జాలిగా చూసి మా అమ్మాయిని అడిగారు, “అమ్మగారు భోజనం అదీ సరిగా చేస్తున్నారా?” అని. నన్ను కాదు, దాన్ని. అది, “చేస్తున్నారండీ. ఇప్పుడు కాస్త నయం,” అన్నది. నా ఒళ్లో కాగితాలు చూసి అదేమిటని అడిగారు. అది అల్లుడు గారి వైపు ఒకసారి చూసింది. “ఏదో రాసుకుంటూ ఉంటారండీ. రాయనిస్తే ప్రశాంతంగా ఉంటారు,” అన్నది.

తమరికి చెప్పడానికి నేను ఇరవై నిమిషాల మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను. గిడ్డంగి, చలి గది, టీకాలు, అన్నీ వరసగా. తమరు నా ముందుకి వంగి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు ఒక్కొక్క మాటా విడదీసి, “రాయండమ్మా. రాయండి. మంచిదే,” అన్నారు.

నేను, “సరేనండీ,” అన్నాను.