మంచి కళ్ళున్న తోడు

సోఫియా, సెప్టెంబరు 14

పెత్కానా అత్తకి, నీ ఒక్కగానొక్క మేనల్లుడు, ట్రాము డిపో గుమాస్తా స్పాస్ నమస్కారాలు.

వెసెలాని పెళ్ళెప్పుడు చేసుకుంటావని మళ్ళీ అడిగావు. అత్తా, రోజుకి నాలుగు పేపర్లు చదువుతాను నేను. ప్రభుత్వం ఇవాళో రేపో పడిపోయేలా ఉంది. మీ పక్కనున్న యాసెనోవోలో ఫ్యాక్టరీ మూసేస్తున్నారు, జనం గేటు ముందు బైఠాయించారు. ఇలాంటప్పుడు పెళ్ళేంటి? దేశం కాస్త కుదురుకోనీ. వెసెలా ఆరేళ్ళుగా ఆగింది, అర్థం చేసుకునే మనిషి. యాసెనోవో సంగతి పేపర్లోంచి కత్తిరించి పంపుతున్నాను. నింపాదిగా చదువు. నీ మంచికే పంపానని నీకే తెలుస్తుంది.

నీ స్పాస్

తా.క.: పిండి, ఉప్పు నిలవ చేసుకో.

ద్రెనోవ్‌దోల్, సెప్టెంబరు 22

ఒరేయ్ అల్లుడూ, ముందు దీవెనలు, తర్వాత తిట్లు.

నువ్వు పంపిన ముక్క మూడుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది. రెండోసారి నవ్వొచ్చింది. మూడోసారి అద్దం ముందు నిలబడి చదివాను. మీ మామయ్య పోయి పదకొండేళ్ళు. నాకు అరవై ఏడు. మేనత్తకి ఇలాంటిది పంపడానికి నీకు చేతులెలా వచ్చాయిరా? అయినా నా మంచికే అన్నావు కదా. శనివారం యాసెనోవో వెళ్ళి కళ్ళారా చూసొస్తాను.

మీ అత్త పెత్కానా

తా.క.: నల్ల కోటు వేసుకోనా, నీలం కోటా?

సోఫియా, సెప్టెంబరు 27

అత్తా, దణ్ణం పెడతాను, వెళ్ళకు!

కోటు సంగతి తర్వాత. అక్కడ మనుషులు మంచి వేడిమీదున్నారు. వెళ్ళి తీరాలంటే దూరం నుంచే చూడు. ఎవరైనా చెయ్యి చాపితే అందుకోకు. ఎంత తియ్యగా మాట్లాడినా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. నీలాంటి అమాయకుల్నే ముందుకి తోస్తారు.

కంగారులో ఉన్న స్పాస్

తా.క.: నల్ల కోటే మేలు. జనంలో కలిసిపోతావు.

ద్రెనోవ్‌దోల్, అక్టోబరు 4

ఆలస్యంగా సలహాలిచ్చే అల్లుడికి,

నీ ఉత్తరం వచ్చేసరికే చెయ్యి ఇచ్చేశాను. బస్సు మెట్లు ఎత్తుగా ఉన్నాయి, దిగుతుంటే ఆయనే అందించాడు. పేరు మెతోది. డెబ్భై ఏళ్ళు. జనమెక్కడున్నారురా? పాపం, ఒక్కడే ఉన్నాడు. ప్రకటనలో వేయించినట్టే సొంత ఇల్లు, పన్నెండు తేనెపెట్టెలు ఉన్నాయి. "భార్య పోయినవాణ్ణి, మంచి కళ్ళున్న తోడు కావాలి" అని ఉంది చూడు, అది చదివే కదా అద్దం ముందుకి వెళ్ళాను! చిక్కుడుగింజల సూపు తనే కాచాడు. ఉప్పు కషాయం. అయినా రెండుసార్లు పోయించుకున్నాను.

మీ అత్త

తా.క.: నీలం కోటే వేసుకున్నాను.

సోఫియా, అక్టోబరు 10

అత్తా, కొంప ముంచావు!

నువ్వు చదివింది వెనకవైపు! నేను పంపింది ముందువైపున్న ఫ్యాక్టరీ సంగతి. వెనకాల పెళ్ళి ప్రకటనలున్నాయని నేను చూడనే లేదు. దేశం ఇలా తగలబడుతుంటే ఈ వయసులో నీకు పెళ్ళా? వద్దని రాసి పడెయ్.

ఈ ముచ్చట వెసెలాకి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. "దేశం కుదురుకునేదాకా ఆగే తీరిక అరవై ఏడేళ్ళావిడకి లేదు. ముప్పై ఆరేళ్ళున్న నాకు మాత్రం ఉందని నీకెవరు చెప్పారు స్పాస్? నీ నాలుగు పేపర్లలో ఏ పేపర్లో వేశారు?" అంది. కోటు తీసుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులైంది, తన గది తాళం వేసే ఉంది. పేపర్లు వస్తూనే ఉన్నాయి. అక్షరాలు కనబడుతున్నాయి గాని ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు.

స్పాస్

తా.క.: ప్రభుత్వం పడిపోయింది. చెప్పడం మరిచాను.

యాసెనోవో, అక్టోబరు 20

మా స్పాస్‌కి కొత్త పెళ్ళికూతురి దీవెనలు.

ఆదివారం సంతకం పెట్టేశాను. నిన్ను పిలిస్తే పేపరు ముక్క పంపుతావని పిలవలేదు. మంచి కళ్ళెందుకడిగాడో తెలుసా? మెతోదికి చూపు ఆనడం లేదు. పొద్దున్నే పేపరు చదివి వినిపించే మనిషి కావాలి! పేపరంటే పచ్చడి జాడీలకి చుట్టేదని మాత్రమే తెలిసిన నేను ఇప్పుడు మొదటి పేజీ నుంచి చివరిదాకా గొంతెత్తి చదువుతున్నాను.

వార్తలు ఉత్తవని నేననను. మీ మామయ్య పోయిన రోజు, మంచుకి కొండదారి మూసేశామని రేడియోలో మూడుసార్లు చెప్పారట. ఆ పూట మేం రేడియో పెట్టలేదు. ఆయన ఆ దారినే బయల్దేరాడు, తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆ రేడియో ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

నిన్న ఫ్యాక్టరీ వాళ్ళ సంగతి చదువుతుంటే భయమేసింది. ఒక్కదాన్నే అయితే పేపరు మడిచి, తలుపు గడియ పెట్టుకునేదాన్ని. మెతోది, "చలిలో కూర్చున్నారు కదే, తేనె పట్టుకెళ్దామా?" అన్నాడు. పట్టుకెళ్ళాం. నువ్వు ఒక్కడివే నాలుగు పేపర్లు చదువుతావు, చదివాక పక్కన మాట్లాడేవాళ్ళుండరు. నాకు నీ గురించి భయమేసేది అక్కడేరా.

వెసెలా ఇక్కడే ఉంది, నీ దగ్గర్నుంచి నేరుగా నా దగ్గరికే వచ్చింది. నా పెళ్ళికి సాక్షి సంతకం తనదే. నీ గురించి నేనడగలేదు, తను చెప్పలేదు. శనివారం సోఫియా వెళ్తానంటోంది.

ఇట్లు, కొత్త ఇంటిపేరుతో సంతకం ఇంకా కుదరని మీ అత్త

తా.క.: శనివారం బస్సుల సమ్మె అని ఇవాళ్టి పేపర్లో ఉంది. ఆ పిల్ల ఎలాగూ కదల్లేదు. శుక్రవారం సోఫియా నుంచి ఇటు బస్సు ఉంది.