చెమట విదిలించిన చెయ్యి

మల్కాపురం,
మంగళవారం.

తమ్ముడు జాక్సన్‌కు,

అక్క రాయునది. దేవుని కృపవల్ల ఇక్కడ అందరి ఒంట్లూ బాగానే ఉన్నాయి. మనసుల సంగతి కింద రాస్తాను. మీ ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ మేనకోడలు ఫెబా నర్సింగు పరీక్షలు బాగా రాసింది. మీ బావ మోకాలినొప్పి తగ్గింది. పుస్తకం అందిందా అని కూడా అడిగావు. అందింది నాయనా, బాగా అందింది.

డిటెక్టివ్ కృపానందం ఇరవై నాలుగో నవల. పరిగెత్తించావు, ఒప్పుకుంటాను. మొదటి పేజీలోనే శవం, పదో పేజీకల్లా రుషికొండ రోడ్డు మీద కార్ల తరుముడు. ఇదివరకు ప్రతి నవలకూ ఆఖరి అధ్యాయం తీసేసి రాతప్రతి నాకు పంపేవాడివి. హంతకుడెవరో నేను రాయాలి, సరిగ్గా పట్టుకుంటే నువ్వు ముగింపు మార్చాలి. అదీ మన పందెం. ఈసారి పంపలేదు. పబ్లిషరు తొందరపెట్టాడన్నావు, నమ్మాను.

రాతప్రతి ముందే చదివేస్తాను కాబట్టి, అచ్చు పుస్తకం రాగానే వెనక వీధి దుర్గకు ఇచ్చేయడం నాకు అలవాటు. మా తమ్ముడు రాశాడని గొప్ప. ఆ అలవాటుకొద్దీ ఇదీ ఇచ్చేశాను. నేనింకా చదవలేదన్న సంగతే తోచలేదు. దుర్గ తిరిగి తెచ్చాకే చదివాను.

దుర్గ ఎవరో నీకు తెలుసు. పదకొండేళ్ల కిందట రేవులో క్రేన్ దింపిన ఇనుప చుట్ట కింద నలిగిపోయిన సింహాద్రి భార్య. ఆ రోజు కింద నిలబడి క్రేన్ డ్రైవరుకు చేత్తో సైగలు చేసింది మీ బావ. నుదుటి చెమట తుడిచి చెయ్యి కిందికి విదిలించారు. పైనున్న మనిషి ‘దింపు’ అన్నారనుకున్నాడు. విచారణలో తప్పెవరిదో తేలలేదు. మీ బావ ఈ సంగతి చెప్పుకున్నది నా ఒక్కదానికే.

నువ్వేం చేశావు? ఆ చెమటనీ, ఆ విదిలింపునీ, సింహాద్రి కేరేజీలో మిగిలిన చేపల పులుసుతో సహా దించేశావు. అక్కడితో ఆగినా బాగుండేది. ప్రమాదాన్ని హత్యగా మార్చేశావు. నీ నవలలో సైగలు చేసే మనిషి స్నేహితుడి మీద పగతో, చెమట తుడుచుకున్నట్టు నటించి చంపుతాడు. సిగ్గు లేదురా నీకు? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

నాలుగో రోజు దుర్గ పుస్తకం పట్టుకుని వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“పుష్పక్కా, ఈడు మా ఆయనే కదా? ఇందులో రాసినట్టు బావ కావాలనే సేసినాడేటి?”

కథ అన్నాను, కల్పన అన్నాను. ఆ కేరేజీ తన చేతికి తెచ్చిచ్చింది మీ బావే కదా, పులుసు సంగతి నీకెలా తెలిసిందని అడిగింది. లోపల మీ బావ అంతా విన్నారు. చొక్కా వేసుకుని వాళ్లింటికి వెళ్లి, చెమట నిజం, పగ అబద్ధం అని చెప్పి వచ్చారు. సగం నిజమని తేలాక మిగతా సగం ఎవరు నమ్ముతారు? దుర్గ పోలీసుల దగ్గరికి వెళ్తానంటోంది.

ఇన్ని తిట్లు తిట్టాక నా తప్పు కూడా రాయాలి. మనసు బరువు దించుకోవడానికి ఆ సంగతి తమ్ముడికి రాశానని మీ బావతో అన్నాను. అది అబద్ధం. కొత్త కథ తట్టడం లేదని నువ్వు వాపోతే, నీకు పనికొస్తుందనే రాశాను. పేర్లు మార్చమన్నాను, అంతే. నిన్ను నమ్మి ఆయన్ని అమ్మేశాను.

ఆయన నన్ను తిట్టలేదు. ఒక్క మాటే అన్నారు: “నీకొక్కదానికే సెప్పినాను. ఇప్పుడది బజార్లో అమ్ముతన్నారు.”

డ్యూటీ నుంచి రాగానే వచ్చిన ఓడ ఏ దేశానిదో, ఎవరితో ఎవరు గొడవపడ్డారో పూసగుచ్చినట్టు చెప్పే మనిషి. ఇప్పుడు విశేషాలేమిటని అడిగితే ‘ఏటీ నేదు’ అంటున్నారు.

ఆదివారంలోగా రా. ఆ పగ నువ్వు కల్పించిందని దుర్గ ఎదుట నీ నోటితో చెప్పు. చెప్పి అటునుంచి అటే వెళ్లిపో. మా ఇంటికి రావద్దు, నేను తలుపు తియ్యను.

ఇట్లు,
సుందర్ రాజ్ భార్య
పుష్పకుమారి