బూట్లతో బండెక్కిన అక్క

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆ ప్రమాదంలో నీ పక్క సీట్లో ఉన్న అక్కకి నలిగిన కుడి చీలమండ అతుక్కుంది. బాగుచేయించిన నీ టాక్సీని ఈ ఉదయం తనే నడిపింది.

కూడు పెట్టే బండిలో చెప్పులేమిటని మీరిద్దరూ వట్టి కాళ్లతోనే ఎక్కేవారు. అది మూఢనమ్మకమని నేను మా హేతువాద సంఘం కరపత్రాలు చూపించి అరిస్తే నవ్వేవాడివి.

ఇప్పుడు డాక్టరు బూట్లు తప్పనిసరన్నాడు. నేనే తొడిగాను. "మీ బావ సూత్తే ఏటంటాడురా?" అంటూ అక్క స్టీరింగుకి దణ్ణం పెట్టి, "కాలు బాగోనేదు, తప్పెట్టుకోకు" అని బండితోనే చెప్పుకుంది. నేను పక్క సీట్లోకి ఎక్కాను.

భోగాపురం దాటాక నువ్వు పోయిన ఆ మలుపులో బ్రేకు తొక్కగలదా అని భయపడ్డాను. తొక్కింది. బండి మెత్తగా ఆగింది. అప్పుడు నా కాళ్లు చూసి, "ఒరే, నీ సెప్పులేవిరా?" అంది.

నా ఒళ్లో ఉన్నాయి బావా.