సాక్ష్యం చెప్పాక మింగని మాత్ర

మార్చి 3, మంగళవారం

సామేలు పెదనాన్న గుండెకు ఎకో స్కాన్ తీశారు. కొత్త వాల్వు రెక్క సరిగా కదలడం లేదు. దాని మీద రక్తం గడ్డ. డాక్టర్ గారు స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు.

ఛాతీ కోయకుండా, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి పెట్టిన వాల్వు. అలాంటి వాల్వుల మీద మా ఆస్పత్రి చేసే పరిశోధనలోనే నా ఉద్యోగం. కొడవలూరు నుంచి పెదనాన్నను ఒప్పించి తెచ్చిందీ నేనే.

రక్తం పలుచబడే మాత్ర రోజూ వేసుకుంటున్నాడు కదా అన్నారు డాక్టర్ గారు. వేసుకుంటున్నాడు సార్ అన్నాను. ఖాళీ అయిన మాత్రల అట్టలు ప్రతిసారీ లెక్కకు నా చేతికే ఇచ్చాడు మరి...

మార్చి 4

వార్డులో చేర్చారు. నాలుగు మాటలకే ఆయాసం. పక్కన ఎవరూ లేనప్పుడు అడిగాను. దాచలేదు.

"మానేసినా తల్లీ. కూడిక అయిన కాడ్నించి."

వాల్వు పెట్టాక చేసిన కృతజ్ఞత కూడిక — ఇంటి ముందు షామియానా, సంఘమంతటికీ భోజనాలు. నేనూ వడ్డించాను. దేవుడు నా గుండెను పూర్తిగా బాగుచేశాడని మైకులో సాక్ష్యం చెప్పాడు. అందరం హల్లెలూయ అన్నాం.

"బాగైపొయ్యిందని దేవుని ముందర చెప్పి, ఇంటికొచ్చి మాత్ర మింగితే నా సాక్ష్యం అబద్ధం కాదా?"

మరి అట్టలు? మాత్రలు కాలవలో పారేసి అట్టలు తెచ్చాడట. నాకు ఆఫీసులో మాట రాకూడదని. అట్టలు ఇచ్చాడే గానీ మింగానని ఎప్పుడూ చెప్పలేదట!

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

మార్చి 5

డాక్టర్ గారికి చెప్పేశాను. కోప్పడితే బాగుండేది. మాత్ర మింగినా గడ్డ కట్టిందని రాసుకుని ఉంటే ఈయనకు చేసే వైద్యమూ తప్పయ్యేది, రేపు ఇంకెందరికో చేసేదీ తప్పయ్యేది అన్నారు. అంతే.

నరంలోకి మందు ఎక్కిస్తున్నారు. గడ్డ కరగకపోతే ఛాతీ తెరవాల్సిందే. ఈ వయసులో, ఈ ఆయాసంతో...

మార్చి 6

మాత్ర మాత్రం ముట్టడు. నరంలోకి ఎక్కేది ఫర్వాలేదట, తనను అడిగి ఎక్కించలేదు కాబట్టి.

పాస్టర్ గారు వచ్చి, మందు ఇచ్చేదీ దేవుడే, మింగన్నా అని బతిమాలారు. ఊహూఁ. సంఘం ముందు చెప్పింది సంఘం ముందే సరిదిద్దాలట. ఆ తర్వాతే మాత్ర. మంచం దిగొద్దంటుంటే చర్చికి ఎలా వస్తాడు?

"నా బదులు నువ్వు చెప్పు తల్లీ. మైకు పట్టుకోని, నా పేరు పెట్టి చెప్పు."

మార్చి 7

గడ్డ అలాగే ఉంది. మొండి మనిషి. కోపంతో ఏడుపొస్తోంది.

మార్చి 8, ఆదివారం

ఊరి చర్చిలో ఆరాధన అయ్యాక మైకు పట్టుకుని నిలబడ్డాను. పెదనాన్న మందు మానేశాడు, ప్రాణం మీదికి వచ్చింది, ఇకనుంచి మింగుతాడు, మింగినా ఆయన సాక్ష్యం అబద్ధం కాదు అని చెప్పాను. ఎవరూ హల్లెలూయ అనలేదు.

ఆడవాళ్ల వైపు నుంచి రత్నమ్మక్క మెల్లగా లేచింది. షుగరుకు రోజూ సూది వేసుకునే మనిషి.

"అన్న సాక్ష్యం ఇన్నాక నేనూ మానేసినానమ్మా."

మగవాళ్ల వైపు ఇంకెవరో లేచారు. ఆ వెనక ఇంకొకరు...

నీ మాట చెప్పేశాను, మాత్ర మింగు అని పెదనాన్నకు ఫోన్ చేయాలి. మిగతాది ఆయనకు ఎలా చెప్పను?